గీత పడని గళ్లు

కిందటి వారం చిన్నిని ఇస్త్రీ బల్ల పక్కన, చేతిలో మడత పెట్టబోయిన తువ్వాలుతో, ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టి వచ్చాం. ఆ తువ్వాలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ముందు సంగతులు తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్దాం.

చిన్ని విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. పదో తరగతి దాటినవాళ్లే లేని ఇంట్లో పుట్టి ఇంతదాకా వచ్చింది. తరగతిలో నోరు విప్పని పిల్లల చేత మాట్లాడించడం ఎలా అన్నది ఆమె పరిశోధన. దానికి తను తయారు చేసుకున్న పద్ధతికి 'జంటమాట' అని పేరు పెట్టింది. టీచరు ప్రశ్న అడగ్గానే ఎవరూ చెయ్యెత్తకూడదు. ముందు పక్కన కూర్చున్నవాళ్ల చెవిలో జవాబు చెప్పాలి, ఆ తర్వాతే పైకి చెప్పాలి. నాలుగు బడుల్లో నడిపి చూసింది. మూడింట్లో ఫలితం అంతంతమాత్రం. నాలుగో బడి సొంత వదిన పాఠం చెప్పే బడి. అక్కడ మాత్రం ఏడాది తిరిగేసరికి మాట్లాడని పిల్లంటూ లేకుండా పోయింది. థీసిస్ మొత్తం ఆ ఒక్క తరగతి మీద నిలబడింది. సెమినారు గట్టెక్కింది. ఇక గైడుగారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ సంతకానికి ముందురోజు సాయంత్రం, అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేస్తూ వదిన నవ్వుతూ అనేసింది. "నీ డాక్టరేటులో సగం నాది సుమా. నువ్వొచ్చే రోజుల్లో ఆ మూగబ్యాచ్ నీ కంటబడకుండా చూడ్డానికి నేను పడ్డ పాట్లు దేవుడికెరుక!"

*

చిన్నికి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కకపోవడమే మేలని బుర్రకు తెలిసినట్టుంది.

"ఏ బ్యాచ్ వదినా?"

"అదేనే, ప్రశ్న అడిగితే బల్ల కింద చీమలు లెక్కబెడతారు చూడు, వాళ్లు."

"కంటబడకుండా చూడ్డమంటే? ఏం చేశావు?"

"మేడ మీద పాత సైన్సు గది ఉంది కదా, అక్కడికి పంపేదాన్ని. అలా చూస్తావేం? ఎండలో నిలబెట్టానా? ఫ్యాను కూడా ఉంది అక్కడ."

వదిన నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. పక్కింటి అమ్మాయికి ఉద్యోగం రాలేదన్న కబురు ఆ అమ్మాయికంటే ముందు వీధికి చెప్పిన మనిషి. అలాంటి మనిషి ఏడాదిపాటు ఈ మాట కడుపులో పెట్టుకుందంటే, తప్పు చేశానన్న భయంతో కాదు. పని పూర్తయ్యేదాకా చెప్పకూడదని, పూర్తయ్యాక చెప్పి మరదల్ని ఆశ్చర్యపరచాలని. ఇవాళ పూర్తయినట్టేనని ఆమె లెక్క.

"ఎప్పట్నించి?" అంది చిన్ని.

"మొదటివారం వచ్చావు చూడు, దాని తర్వాత్నించి." వదిన కాలరు తిరగేసింది. "పాఠం అయిపోయాక వెనక బెంచీలో ఆ గళ్ల కాగితం ముందేసుకుని కూర్చున్నావు. నేను నీ భుజం మీదుగా చూశాను."

గళ్ల కాగితం అంటే చిన్ని తరగతిలో రాసుకునేది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసి పిల్లకొక గడి గీసుకుంటుంది. పిల్ల నోరు విప్పి పాఠం గురించి ఏం మాట్లాడినా ఆ గడిలో ఒక గీత. గంట కొట్టేసరికి కొన్ని గళ్లు గీతలతో నిండిపోతాయి. కొన్ని గళ్లలో ఒక్క గీతా ఉండదు. ఆ గీత పడని గళ్ల కోసమే ఆమె పరిశోధన అంతా. వెనక బెంచీలో కూర్చుని గీతలు గీసుకుంటుంది కాబట్టి పిల్లలు ఆమెకు 'వెనకబెంచీ టీచర్' అని పేరు పెట్టారు.

"సగం కాగితం బోసిగా ఉంది. నీ మొహమూ అలాగే ఉంది," అంది వదిన. "నా ప్రాణం ఉసూరుమంది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయావు. గుర్తుందా?"

గుర్తుంది.

"మరి నన్నేం చేయమంటావు? చుట్టాలొస్తున్నారంటే మనం ఇల్లు సర్దుకోమా? చిరిగిన దుప్పటి లోపల పడేసి మంచిది పరచమా? అది మోసమంటారా ఎవరైనా? నువ్వొస్తున్నావని తరగతి సర్దాను. అంతే!"

"మరి ఖాళీలు నాకెందుకు కనపడలేదు?"

"బల్లలు కూడా పైకి మోయించానుగా." ఆ మాట వదిన కాస్త గర్వంగానే అంది. ఏ పనైనా అరకొరగా చేయడం ఆమెకు చేతకాదు. "ఒకేసారి పంపితే నీకు అనుమానం రాదూ? వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున తగ్గిస్తూ వచ్చా. నీ గళ్లు నిండుతూ వచ్చాయి. నీ మొహం కూడా."

"కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఏదంటే సెక్షను మారిందన్నావు."

"మారిందిగా మరి, పైకి!"

వదిన తన మాటకు తనే నవ్వింది. చిన్ని నవ్వకపోయేసరికి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మొదటిసారిగా మరదలి మొహంలోకి సరిగ్గా చూసింది.

అప్పుడే అన్నయ్య వచ్చాడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. చేతిలో స్క్రూడ్రైవరు, మెడలో వైర్ల చుట్ట. "ఏమిటి, వదినామరదళ్లు మౌనవ్రతం పట్టారు? చిన్నీ, రేపు సంతకం అయిపోతే ఎల్లుండి గుమ్మానికి బోర్డు. డాక్టర్ అని ఇంత అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో 'ఇచ్చట జ్వరాలకు చూడబడదు' అని రాయిస్తా. లేకపోతే తెల్లారేసరికి జనం క్యూ కడతారు."

"చొక్కా అక్కడుంది తీసుకోండి," అంది వదిన.

"దీని చదువు నా కొట్లో మొదటి ఫ్రిజ్ లాంటిదే. ఎన్నేళ్లుగా నడుస్తోందో నాకే తెలీదు. ఆగిపోకుండా నడిచింది, అదే గొప్ప." చెల్లెలి తల మీద చెయ్యి వేసి ఒకసారి ఊపి, చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక గదిలో ఇస్త్రీ వేడి, తడిబట్టల వాసన మిగిలాయి.

"మీ సారుకి చెప్పేస్తావా ఏమిటి?" అంది వదిన, ఈసారి గొంతు తగ్గించి.

చిన్ని తువ్వాలు మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

"నీ పద్ధతి బాగా నడిపించానని నన్ను హెచ్చెమ్ పోస్టుకి రాశారు. నీకు తెలుసు. నా కోసం ఆగమని అడగటం లేదు. పోతే పోనీ. కానీ మీ అన్నయ్యకి నువ్వే చెప్పాలి. నేను చెప్పలేను."

అంత మాట అని, వదిన మళ్లీ ఇస్త్రీపెట్టె ఎత్తింది. తర్వాతి చొక్కా ఎవరిదో కూడా చూసుకోకుండా తీసిందే తీసి రుద్దుతూ ఉండిపోయింది.

*

గైడుగారిని రీసెర్చ్ స్కాలర్లందరూ చాటున 'ఎర్రసిరా' అంటారు. ఎర్రపెన్ను లేకుండా ఆయన దేన్నీ చదవలేడు. ఒకసారి ఎవరో ఇచ్చిన గృహప్రవేశం కార్డులో రెండు తప్పులు దిద్ది వెనక్కిచ్చాడని చెప్పుకుంటారు. నెలాఖరుకు రిటైరవుతున్నాడు. గది సగం ఖాళీ అయిపోయింది. బీరువా అరల్లో పుస్తకాలు పోయి, పుస్తకాలున్నంత మేర దుమ్ములేని చారలు మిగిలాయి. నేల మీద తాళ్లు కట్టిన అట్టపెట్టెలు.

"రామ్మా. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు ఊడింది. అదీ నాతోపాటే రిటైరవుతోంది. ఇలా కూర్చో."

సర్టిఫికెట్ కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. ఇది అభ్యర్థి స్వయంగా చేసిన పరిశోధన అని ధ్రువీకరించే కాగితం. పక్కన, ఆశ్చర్యంగా, నల్లపెన్ను.

చిన్ని కూర్చుని మొత్తం చెప్పింది. గళ్ల కాగితం దగ్గర మొదలుపెట్టి బల్లలు మోయించడం దాకా ఏదీ దాచలేదు. దేనికీ రంగు వేయలేదు. చెప్పడం పూర్తయ్యాక ఆయన నల్లపెన్ను మూత పెట్టాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మా వదినకి. నాకు. ఇప్పుడు మీకు."

"అంటే ముగ్గురం."

"పిల్లలకి కూడా తెలుసు సార్."

"వాళ్లు చెప్పరులే. వాళ్లు నోరు విప్పరనేగా నీ థీసిస్!"

అన్నాక ఆ మాట ఆయనకే రుచించలేదు. ఫ్లాస్కులోంచి కప్పులోకి టీ వంపుకుని, తాగకుండా పక్కకు జరిపాడు.

"సరే, పనిలోకి వద్దాం. ఆ బడి తీసేస్తే ఏం మిగులుతుంది?"

"మూడు బళ్లు. వాటిలో చెప్పుకోదగ్గ ఫలితం లేదు సార్."

"లేదని రాయడం కూడా పరిశోధనేనమ్మా. ఈ రంగంలో అందరికీ వచ్చేది అదే. ఎవరూ రాయనిదీ అదే."

"అలాగే రాస్తాను."

"రాయి. మళ్లీ సినాప్సిస్ పెట్టు. మళ్లీ కమిటీ ముందుకు వెళ్లు. నేను పోయాక కొత్త గైడుని వెతుక్కో. నీ గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించరు. అంటే చేరిన రోజు నుంచి మళ్లీ మొదలు." ఆయన ఇదంతా బెదిరించినట్టు చెప్పలేదు, బస్సుల వేళలు చెప్పినట్టు చెప్పాడు. "నీ తర్వాత మీ ఇంట్లో ఇంకెవరైనా ఇంత దూరం చదువుతారా?"

"తెలీదు సార్."

"నువ్వు వట్టి చేతులతో వెళితే మాత్రం చదవరు. అది నేను రాసిస్తాను."

తెల్లకాగితం తీసి ఏదో రాశాడు. అలవాటుగా ఎర్రసిరాతోనే. చిన్ని వైపు తిప్పాడు. 'పరిశీలన జరిగిన రోజులలో కొందరు విద్యార్థులు తరగతిలో లేరు. ఫలితాలను ఈ పరిమితికి లోబడి గ్రహించవలెను.'

"అయిదో అధ్యాయంలో, పరిమితుల కింద ఇది చేర్చు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?"

చిన్ని రెండుసార్లు చదివింది. "లేదు సార్."

"మరి?"

"చదివినవాళ్లు పిల్లలకి జ్వరమొచ్చి రాలేదనుకుంటారు."

"అనుకోనీ. అనుకోవడం చదివేవాళ్ల పని. రాసేవాళ్ల పని అబద్ధం రాయకపోవడం."

"వాళ్లు రాకపోవడం కాదు కదా సార్. వచ్చారు. రోజూ వచ్చారు. నేను వస్తున్నానని వాళ్లని లేపి పంపేశారు. మాట్లాడని పిల్లల గురించి తెలుసుకోవడానికి నేను వెళ్లాను. నేను వెళ్లడం వల్లే వాళ్లు తరగతిలో లేకుండా పోయారు. నేను వెళ్లకుండా ఉంటే ఆ పాఠమన్నా వినేవాళ్లు."

ఎర్రసిరా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన విద్యార్థుల్లో ఎక్కువ మంది ఈ గదిలో ఏడ్చినవాళ్లే. ఈమె గొంతులో ఆ జాడ లేదు. లెక్క చెబుతున్నట్టుంది. అదే ఆయనకు ఇబ్బందిగా ఉంది. ఏడిస్తే ఓదార్చి పంపేవాడు.

"నీకొక మంచి కబురు చెబుదామనుకున్నాను ఇవాళ," అన్నాడు చివరికి. "మంచిదో కాదో ఇప్పుడు నాకూ తెలీటం లేదు. నీ సెమినారు కాగితం శిక్షణ కేంద్రానికి పంపాను. వాళ్లకు నచ్చింది. వచ్చే ఏడాది నుంచి టీచర్లందరికీ జంటమాటలో శిక్షణ. అన్ని బడుల్లోనూ నడుపుతారు. నడుస్తోందో లేదో చూడ్డానికి నీ గళ్ల కాగితమే వాడతారు. గళ్లు నిండిన బడికి మంచి పేరు."

చిన్ని ఆ బడులన్నిటినీ ఊహించుకుంది. ప్రతి తరగతిలో వెనక బెంచీ మీద ఎవరో ఒకరు కాగితం పట్టుకుని. ముందు రోజే కబురందుకున్న టీచరు. ఆ టీచరు చెడ్డది కానక్కర్లేదు. తన వదినంత మంచిదైనా చాలు.

"అన్ని బడుల్లోనూ మేడ మీద ఒక గది ఉంటుంది సార్," అంది.

ఆయన తెల్లకాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. బయట వరండాలో ఎవరో అట్టపెట్టెను నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు.

"సరే, ఉన్నదంతా రాస్తావనుకుందాం," అన్నాడు. "ఎవరు పంపారని రాస్తావు?"

చిన్ని చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది.

"పరీక్షకులు అడుగుతారు. బడివాళ్లు అడుగుతారు. తరగతి పేరు మార్చినా, బడి పేరు తీసేసినా, ఉన్న నాలుగు బడుల్లో అదేదో కనిపెట్టలేనంత అమాయకులు కారు ఎవరూ. మీ వదినగారు నిన్ను చదివించిన మనిషని నువ్వే చెప్పావు నాతో. రాస్తావా ఆవిడ పేరు?"

ఆమె బల్ల అంచు వైపు చూస్తూ కూర్చుంది. అక్కడ ఎప్పటిదో సిరా మరక.

"జవాబు చెప్పమ్మా."

చెప్పలేదు. తెలియక కాదు. రెండు జవాబులూ తెలుసు. ఏది పైకి చెప్పినా రెండోది చచ్చిపోతుంది. ప్రశ్న అడిగినవాడు ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ ఉంటే నాలుక ఎలా బరువెక్కుతుందో, ఏళ్ల తరబడి దాని మీద పుస్తకాలు చదివిన మనిషికి ఆ పూట తెలిసింది.

ఎర్రసిరా ఆమెను కాసేపు చూశాడు. తర్వాత నల్లపెన్ను మూత తీసి, సర్టిఫికెట్ దగ్గరకు లాక్కుని, సంతకం పెట్టేశాడు.

"సార్..."

"ఇది నువ్వు స్వయంగా చేశావని నా సంతకం. అది నిజం. ఇంకొకరి చేత రాయించుకున్నవాళ్లు ఇలా వచ్చి నా టీ చల్లార్చరు. థీసిస్ లోపలున్నదానికి బాధ్యత నీది. ఆఫీసు కిటికీ సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. ఇస్తే ఇవ్వు. చింపితే చింపు. చింపితే మాత్రం నాకు చెప్పకు, ఈ వయసులో అలాంటివి వినలేను."

చిన్ని కాగితం అందుకుని లేచింది. తలుపు దాకా వెళ్లాక ఆయన మళ్లీ పిలిచాడు.

"ఒక్క మాట. ఆ పిల్లల్ని ఎక్కడికి పంపారో చెప్పావు. ఎందుకు పంపారో చెప్పావు. ఏడాదిపాటు ఆ గదిలో వాళ్లు ఏం చేశారు?"

"తెలీదు సార్."

"పరిశోధన చేశానంటావు!" అని, ఆయన అట్టపెట్టె తాడు ముడి బిగించడానికి వంగాడు.

*

ఇంతకుముందు చిన్ని ఆ బడికి ఎప్పుడు వెళ్లినా ముందురోజు వదినకు చెప్పేది. ఇంట్లో మనిషే కదా, అన్నం వడ్డించుకుంటూ చెప్పేది. ఈసారి చెప్పలేదు. గళ్ల కాగితం తీసుకెళ్లలేదు. చేతిసంచిలో సంతకం పెట్టిన సర్టిఫికెట్, నీళ్ల సీసా, అంతే.

అదే రోజు మధ్యాహ్నం, బడి. భోజనాలయ్యాక వచ్చే మత్తు వరండా అంతా పరుచుకుని ఉంది. పక్క తరగతిలో ఎవరో ఎక్కం ఒప్పజెబుతున్నారు. చిన్ని గుమ్మం పక్కన గోడకు ఆనుకుని లోపలికి చూసింది.

తరగతి నిండుగా ఉంది. ఆ మొదటివారం తర్వాత తను ఎన్నడూ చూడనంత నిండుగా. కిటికీ వైపు, వెనక మూల, తనెప్పుడూ కూర్చునే బెంచీ ముందు, అన్నిచోట్లా బల్లలున్నాయి. బల్లల మీద పిల్లలున్నారు. ఇరుగ్గా, మోచేతులు తగులుతూ. ఏడాదిపాటు తను చూసింది ఈ గదిని కాదు. దీన్ని సగానికి కత్తిరించి, అంచులు దిద్ది చూపించిన గదిని.

వదిన బోర్డు మీద భిన్నాలు వేసి ఉంది. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? చెయ్యెత్తకండి. పక్కవాళ్లకి చెప్పండి ముందు. ఏయ్, నిన్నే, గోడకి చెబుతావేంటి? మనిషికి చెప్పు!"

గుసగుసలు లేచాయి. అంతలో ముందు బల్ల పిల్లొకతె తల తిప్పి గుమ్మం వైపు చూసింది. "వెనకబెంచీ టీచర్!"

ఆ మాట బల్ల నుంచి బల్లకు పాకింది. వదిన సుద్దముక్క పట్టుకుని అలాగే ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగిందానికి ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

కిటికీ వైపు వరస లేచి నిలబడింది. వెనక మూల లేచింది. పుస్తకాలు మూశారు, సంచులు భుజాన వేసుకున్నారు. ఇద్దరు ఈ కొస, ఇద్దరు ఆ కొస పట్టుకుని బల్ల ఎత్తారు. కాళ్లు నేలకు రాసుకోకుండా, చప్పుడు కాకుండా, చెయ్యి తిరిగినవాళ్ల పనిలా. మిగిలిన పిల్లలు కూడా ఎవరూ చెప్పకుండానే తమ బల్లలు కొంచెం కొంచెం జరిపి ఆ ఖాళీలు పూడ్చేశారు. చిన్ని కళ్ల ముందే ఆ గది తనకు తెలిసిన గదిగా మారిపోయింది.

"కూర్చోండర్రా!" అంది వదిన. "ఇవాళ అక్కర్లేదు, కూర్చోండి!"

వాళ్లు వినలేదు. నమ్మలేదేమో కూడా. వెనకబెంచీ టీచర్ వస్తే వెళ్లాలన్నది ఆ బడిలో గంట కొడితే లేవడం లాంటిదే. దాన్ని ఒక్క మాటతో మాన్పించడం ఎవరి వల్లా కాదు. వరసగా గుమ్మం దాటారు. చిన్ని దారికి అడ్డంగా నిలబడి ఉంది. బల్ల ముందు కొస మోస్తున్న పిల్లవాడు ఆగి, ఆమె మొహం వైపు చూడకుండా, "తప్పుకోండి టీచర్, కాలికి తగులుద్ది," అన్నాడు.

ఆమె తప్పుకుంది. బల్లలు వెళ్లిపోయాయి. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి ఎక్కింది.

చిన్ని వాళ్ల వెనకే నడిచింది. మెట్ల మలుపు దగ్గర వదిన పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్లకున్న సుద్దపొడి చిన్ని మణికట్టుకు అంటింది.

"చెప్పకుండా వస్తావా? నా మీద నిఘానా?"

"నీ మీద కాదు వదినా."

"సంతకం అయిందా?"

"అయింది."

"మరింకేం! వెళ్లి ఇచ్చెయ్. సంచిలో పెట్టుకుని ఇక్కడ మెట్లెక్కుతావేం?" వదిన రొప్పుతోంది. కిందినుంచి తరగతి గోల వినిపిస్తోంది. దాన్నీ పట్టించుకోవడం లేదు. "నా మాట విను చిన్నీ. ఆ తలుపు తీయకు. చూడకపోతే నాకు తెలీదని ఎక్కడైనా అనొచ్చు. చూశాక నువ్వు ఊరుకోవు. నిన్ను లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచి చూస్తున్నా, నువ్వు ఊరుకునే మనిషివి కాదు."

"నువ్వెప్పుడైనా పైకి వచ్చి చూశావా వదినా?"

"నేనొస్తే కింద పాఠం ఎవరు చెబుతారు? తలుపేసుకుని అల్లరి చేయకుండా కూర్చోమని చెప్పా. కూర్చునేవాళ్లు. వాళ్లతో ఏనాడూ గొడవ లేదు. నోరే లేనివాళ్లు గొడవేం చేస్తారు?"

అంటూనే పైమెట్టు దాకా వచ్చేశారు. ఎవరు ఎవరిని లాక్కొచ్చారో చెప్పడం కష్టం. పాత సైన్సు గది తలుపు చేరవేసి ఉంది, ఆ విసురుకి బయటి గడియ దానంతటదే కాస్త వాలి ఉంది. బల్లలు దించిన చప్పుడు సద్దుమణిగింది.

అప్పుడు లోపల్నించి మాటలు వినిపించాయి.

ఒకటి కాదు, పది గొంతులు. ఒకదాని మీద ఒకటి పడుతూ, తోసుకుంటూ. నాలుగో వంతే పెద్దది, నాలుగు పెద్దది కాబట్టి అని ఒకడు. కాదని ఇంకొకరు. నీ మొహం అని మరొకరు. ఎవరో నవ్వారు, ఎవరో బల్ల మీద చరిచారు. కింద సగంలో వదిలేసి వచ్చిన ప్రశ్నను మెట్ల మీదుగా బల్లలతోపాటు మోసుకొచ్చి, అక్కడ నడుమ పడేసి పంచుకుంటున్నారు.

ఆ గోల మీదుగా ఒక ఆడపిల్ల గొంతు లేచింది. పెద్దదేమీ కాదు. కానీ లేవగానే మిగిలినవి తగ్గాయి.

"ఆగండర్రా. ఈ బల్ల మీద ముగ్గురం కూర్చుంటే నీకెంత చోటొస్తుంది? ఇప్పుడు వాణ్ణి కూడా కూర్చోమను. జరుగు. జరగవే. ఇప్పుడు చెప్పు, నీకొచ్చిన చోటు పెరిగిందా తగ్గిందా? మరి నాలుగో వంతు పెద్దదెలా అవుద్ది?"

బల్ల కిర్రుమంది. తర్వాత "ఓహ్" అని ఒక పెద్ద ఊపిరి, అందరిదీ కలిసి.

మణికట్టు మీద వదిన పట్టు సడలింది. చిన్ని తిరిగి చూసింది. వదిన మొహంలో కోపం లేదు, భయమూ లేదు. చీకటి గదిలో తన ఇంటి వస్తువే తడిమి అదేమిటో పోల్చుకోలేని మనిషిలా ఉంది. తలుపుకు చెవి దగ్గరగా పెట్టింది.

"ఎవరిదే ఆ గొంతు?" అంది, తనతో తను అన్నట్టు. "రోజూ పాఠం చెబుతున్నాను. నేనెప్పుడూ వినలేదు."

చిన్ని తనకూ తెలియదని చెప్పబోయింది. ఈలోపే, ఆమెను దాటి చెయ్యి చాచి, గడియ ఎత్తింది వదినే.